మూడింటికి వచ్చే యజమాని

ఈ సంగతి నాకు మొదట చెప్పింది మంగతాయారు. హార్మోనియం మంగతాయారంటే కోటిపల్లి రేవు దాకా తెలుసు. తరవాత నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకున్నారు. ఒకడు కొమ్ము తగిలించాడు, ఇంకొకడు తోక తగిలించాడు. అవన్నీ నేను లెక్కలోకి తీసుకోను. అక్కడ కూర్చున్న మనిషి ఆవిడ. ఆవిడ చెప్పినట్టే చెబుతున్నాను.

సోమలింగాచారిగారు మండపేటలో హార్మోనియాలు బాగుచేసేవారు. గోదావరికి ఈ పక్కన నాటకం ఎక్కడ ఆడినా ఆ హార్మోనియం పెట్టె ఆయన చేతిమీదుగా వెళ్ళవలసిందే. ఆయనకో అలవాటుండేది. అడిగిన మాటకు అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు కాదు. "కూర్చో" అనేవారు, అంతే. కొందరు పూటంతా కూర్చునేవారు. కొందరు లేచిపోయి, ఆచారికి పొగరని ఊరంతా చెప్పేవారు. పొగరే. ఆ చేతికి ఆ మాత్రం ఉండాలి.

మంగతాయారు ఆయన దగ్గర ఏడేళ్ళు పని నేర్చుకుంది. ఆ రోజుల్లో బేరాలూ వచ్చేపోయేవాళ్ళూ అన్నీ గురువుగారి భార్యే వీధరుగు మీద కూర్చుని చూసుకునేది. లోపల పని తప్ప మంగతాయారు మరేమీ ఎరగదు. తరవాత మంగతాయారు రామచంద్రపురంలో సొంత కొట్టు పెట్టుకుంది. ఆ వెంటనే ఆ ఇల్లాలు కాలం చేసింది. ఏడాది తిరిగింది. మాఘమాసంలో ఒకనాటి ఉదయం గురువుగారి దగ్గరికి వచ్చి, గుమ్మంలో నిలబడే అడిగేసింది.

"గురువుగారూ, కొట్లో నేనొక్కదాన్నే. తాళం తీసిన దగ్గర్నుంచీ నడుం వాల్చింది లేదు. అయినా పదకొండు పెట్టెలు విప్పాను, ఒక్కటీ మూయలేదు. వచ్చినవాళ్ళకి మాట చెప్పాలా, పని చెయ్యాలా? మొన్న పంచమం రీడు గీకుతుంటే ఫోనొచ్చింది. మాట్లాడొచ్చి, ఎక్కించాల్సినదాన్ని దించేశాను. ఒక్క మనిషి కొట్టు నడుపుతూ పని కూడా జరగాలంటే ఎలాగండీ?"

రీడంటే పెట్టె లోపల పలికే ఇత్తడి రేకు. కొస దగ్గర గీకితే శ్రుతి ఎక్కుతుంది. మొదలు దగ్గర గీకితే దిగుతుంది. గీకిన ఇత్తడి మళ్ళీ అతుక్కోదు. పని రానివాడు ఈ తప్పు చెయ్యడు, వాడు అసలు ఆకురాయే పట్టుకోడు. పని వచ్చినవాళ్ళే చేస్తారు, మనసు రెండు చోట్ల ఉన్నప్పుడు.

గొంతు తగ్గించి ఇంకో మాట కూడా చెప్పింది. "కాకినాడ వాద్యాల దుకాణం వీరభద్రరావుగారు జీతానికి రమ్మంటున్నారు. రేపటికల్లా చెప్పమన్నారు. మీరు ఊఁ అంటే కొట్టు మూసేసి పోతానండీ."

ఆచారిగారు తలకు ఎర్ర తువ్వాలు బిగించి పీట మీద ఉన్నారు. ఎదురుగా ఒక నాటక సమాజం వారి పెట్టె విప్పి ఉంది. ఆ రాత్రే వాళ్ళ ఆట. పెట్టె అయిదింటి బస్సెక్కాలి. ఆయన తలెత్తలేదు.

"కూర్చో. తిత్తి ఆడించు."

మంగతాయారు కూర్చుని, పెట్టెకి గాలి పోసే తిత్తి ఆడించింది. ఆయన మెట్టు నొక్కడం, వినడం, రీడు తీసి ఒక్క గీత గీకడం, మళ్ళీ బిగించి వినడం. ఇలా పదకొండున్నరయింది. వీధిలో కారాగింది.

దిగింది వీరభద్రరావుగారే. చెప్పులతోనే గడప దాటి లోపలికొచ్చాడు. పనిముట్లున్న చోటికి చెప్పులతో రావడమేమిటి? మంగతాయారు ఆ ముక్క తేలిగ్గా చెప్పి ఊరుకుంది గానీ, నేను ఊరుకోను.

"ఆచారిగారూ, రెండు నిమిషాలండీ. నలభై కొత్త పెట్టెలు, స్కూళ్ళకిచ్చేవి. శ్రుతి మీ చేత్తోనే పడాలి, ఉగాదిలోపు. ఊఁ అనండి, ఇవాళే లారీ ఎక్కించేస్తాను."

ఆచారిగారు చేతిలో రీడు దించలేదు.

"యజమాని లేరండీ. మూడింటికొస్తారు."

రావుగారు వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా ఉన్నారేమోనని. "యజమానేంటండీ? బోర్డు మీద ఉన్నది మీ పేరు కాదూ?"

"బోర్డు సంగతి ఆయన్నే అడగాలి. నేను పనివాణ్ణి. బేరాలు నాకేం తెలుస్తాయి?"

"నాతో పరాచికాలా?"

"పనివాడికి పరాచికాలకి తీరికెక్కడిదండీ. మూడింటికి రండి. అరుగు మీద కుర్చీ వేసి ఉంటుంది. మర్యాదగా మాట్లాడతారు."

రావుగారి మొహం కందగడ్డయింది. అప్పుడు కంటపడింది మంగతాయారు.

"నువ్విక్కడున్నావా? మంచిదే. రేపట్నుంచి మా మనిషివి కదా, నువ్వు చెప్పమ్మా. ఈయనెవరు? ఈ కొట్టెవరిది?"

మంగతాయారు గురువుగారి మొహం చూసింది. అందులో ఏమీ లేదు. ఆయన తల ఒక పక్కకి వంచి ఉన్నారు. షడ్జమం చెవిలో పెట్టుకుని, దానికి ఈ రీడు ఎంత దూరంలో ఉందో కొలుస్తున్నారు. ఇంకో నాలుగు మాటలైతే ఆ కొలత జారిపోతుంది. మళ్ళీ మొదటికి రావాలి. ఆ సంగతి ఆ గదిలో ఇద్దరికే తెలుసు. "ఈయనేనండీ" అంటే చాలు, రేపటి జీతం ఖాయం. నెలనెలా తిండికి వెతుక్కునే పని ఉండదు. ఇదంతా తిత్తి ఒక్కసారి ఆడించేలోపు అనుకుందిట.

"యజమానిగారు మూడింటికే వస్తారండీ," అంది. "ఈలోపల పనివాళ్ళని కదిలిస్తే ఆయనకి కోపం."

"గురువుకి తగ్గ శిష్యురాలివే. రేపు నువ్వు కాకినాడ దాకా శ్రమపడక్కర్లేదులే," అని రావుగారు వెళ్ళిపోయాడు. కారు వీధి మలుపు తిరిగిన చప్పుడు వినపడింది. ఆవిడ చేతిలో తిత్తి ఆగలేదు. ఆచారిగారు కొస దగ్గర ఒకే ఒక్క గీత గీకి, రీడు బిగించి, మెట్టు నొక్కారు. పాలలో పాలు కలిసినట్టు కలిసింది.

రెండున్నరకు పెట్టె మూశారు. తువ్వాలు విప్పి దండెం మీద వేశారు. నూతి దగ్గర నాలుగు చేదలు పోసుకుని, ఇస్త్రీ చొక్కా తొడిగి, గంధం బొట్టు పెట్టుకుని, మూడు కొట్టేసరికి అరుగు మీద కుర్చీలో ఉన్నారు. కాలు మీద కాలు వేసుకున్నారు. మంగతాయారుకు ఆయన వేరే మనిషిలా కనిపించారట. ఊళ్ళోవాళ్ళకి ఆ వేళ తెలిసిందే. భజన మందిరం సూరమ్మగారు చిరిగిన తిత్తి చంకన పెట్టుకుని అరుగు మెట్ల కిందే నిలబడి, "ఏమండీ, యజమానిగారు వేంచేశారా?" అంది.

"ఇప్పుడే దిగాను. పనివాణ్ణి అడిగి చెబుతాను, గురువారం రా."

"వాడు మంచివాడే. మీరే కాస్త ఖరీదు మనిషి," అని నవ్వుకుంటూ పోయింది.

పొద్దుటి నుంచి మోగి ఆగిపోయిన ఫోన్లన్నిటికీ వరసగా జవాబు చెప్పారు. నాటక సమాజం వారి పెట్టె తెప్పించుకుని ఒక్కొక్క మెట్టూ నొక్కి విన్నారు. "బాగా చేశాడు," అన్నారు, ఇంకెవరినో మెచ్చుకున్నట్టు. సమాజం మనిషి వచ్చి దాన్ని భుజాన వేసుకుని బస్సుకి పోయాడు. ఎదుటి కుర్చీ మాత్రం రావుగారికని ఖాళీగా ఉంచారు. ఎవర్నీ కూర్చోనివ్వలేదు. నాలుగయింది. అయిదయింది. రావుగారు రాలేదు.

మంగతాయారు ఇక పట్టలేకపోయింది.

"నలభై పెట్టెలండీ గురువుగారూ! ఆయనడిగింది రెండు నిమిషాలే. యజమాని మీరే కదా, ఆ పనివాణ్ణి ఒక్కసారి లేపితే మీ సొమ్మేం పోయింది?"

ఆచారిగారు చొక్కా గుండీ విప్పుకుంటూ లేచారు.

"వాణ్ణి పీట మీంచి లేపాలంటే నాకే భయం," అన్నారు. "ఇక లేపడానికి ఆ రావుగారెవరమ్మా?"

కాకినాడ దుకాణం వాళ్ళు పాతికేళ్ళ పండగకి ఒక సంచిక వేశారు. ఆ రోజు మండపేట కొట్టు మూసి ఉందనీ, అందుకే పని వేరేచోట ఇచ్చామనీ అందులో రాసుకున్నారు. మూసి లేదు. తలుపు రెండు రెక్కలూ తెరిచే ఉన్నాయి, లోపల పని జరుగుతోంది. ఆ సంచిక ఎవరింట్లో ఉన్నా సరే, ఆ ముక్క కొట్టేసి పక్కన ఉన్నదున్నట్టు రాయండి. పెన్సిలుతో కాదు, సిరాతో.