ఊపిరి బిగబట్టి చూసిన ఆట

పోలినాయుడు మాస్టారిని ఎవరేం అడిగినా ముందు చేతికి బకెట్టు ఇచ్చి కబడ్డీ కోర్టు తడపమనేవారు. మట్టి తడిసేలోగా సగం ప్రశ్నలు వాటంతటవే చల్లారిపోతాయని ఆయన నమ్మకం. ఆ రోజు నూకరత్నం నాలుగు బకెట్లు చల్లింది. ఆమె ప్రశ్న మాత్రం చల్లారలేదు.

ఒకప్పుడు ఆయన దగ్గరే ఆట నేర్చుకుని, దేశం జట్టు గుమ్మందాకా వెళ్లి, మోకాలి నరం తెగి వెనక్కొచ్చిన మనిషి ఆమె. ఇప్పుడు ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరు. వచ్చే నెల జపానులో ఆసియా దేశాల పోటీలు. దేశం జట్టు శిబిరంలో తనతో ఒకే గదిలో ఉన్న పిల్లలు అక్కడ ఆడబోతున్నారు. తను కాలు పెట్టలేకపోయిన ఆ కోర్టుని ఒక్కసారి కళ్లారా చూడాలని ఆమె ప్రాణం కొట్టుకుపోతోంది. అందుకు మెడలో గొలుసు అమ్మాలి. ఇంట్లోవాళ్లకు అది శుద్ధ పిచ్చిలా ఉంది.

"టీవీలో ఇంకా బాగా కనిపిస్తాది కదా అంటన్నారు మేస్టారూ. అంత పోసి ఎల్లడం దండగేటి?"

మాస్టారు గట్టు మీద చతికిలబడి, తన బావ దాలినాయుడి సంగతి ఎత్తుకున్నారు.

ఆ దాలినాయుడు కాడెడ్లు అమ్మి, ఢిల్లీలో పది దేశాల పోటీ ఫైనలు చూడ్డానికి వెళ్లాడు. సీటు అన్నిటికన్నా పై వరసలో దొరికింది. అక్కణ్ణించి ఆటగాళ్లు చీమల్లా ఉంటే, పెద్ద తెర మీద చూడసాగాడు. వాళ్ల ఊళ్లో ఒక అలవాటుంది. కూతకెళ్లినవాడు గీత దాటి తిరిగొచ్చేదాకా చూసేవాళ్లు కూడా ఊపిరి బిగబట్టాల్సిందే. ఆట మధ్యలో మనవాడు కూతకెళ్లాడు. దాలినాయుడు ఊపిరి బిగబట్టాడు. ఎంతకీ మనవాడు తిరిగి రాడే! ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంది. అయిపోయిన కూతనే తెర మీద నెమ్మదిగా మళ్లీ చూపిస్తున్నారని పాపం ఆయనకేం తెలుసు? కళ్లు బైర్లుకమ్మి కుర్చీల మధ్య పడిపోయాడు. మోసుకెళ్లి మెట్ల కింద వైద్యుల గదిలో పడుకోబెట్టారు. మిగిలిన ఆటంతా ఆ గోడకు అవతలే జరిగిపోయింది.

నూకరత్నానికి నవ్వాగలేదు. మాస్టారూ నవ్వారు.

"ఊరంతా ఇలాగే నవ్వింది. ఎడ్లమ్ముకుని మూర్ఛపోయొచ్చాడని. ఆడు మాత్రం, 'ఎవరో గెలిచారు బావా, జనమంతా ఒక్కసారి లేచారు, నా చెయ్యి గోడ మీదుంది, గోడ అదిరింది' అనేవాడు. పోయేదాకా అదే చెప్పాడు."

నూకరత్నం నవ్వు ఆగిపోయింది. "అయితే ఎల్లమంటారా, వద్దంటారా?"

మాస్టారు ఖాళీ బకెట్టు తీసి గట్టు మీద బోర్లించారు.

"ఆడు రెండు టికెట్లు కొన్నాడమ్మా. రెండోది నాకే. దండగని నేనెల్లలేదు. ఎవరు గెలిచారో పేపర్లో చదువుకున్నాను."