గోపురం కింద చెక్క బిళ్ల

శౌరయ్య గురువుగారికి, ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. ప్రశ్న విని, గడ్డం నిమురుకుని, తన పనిలో తాను పడిపోయేవారు. అడిగినవాడు ఉడుక్కోవాల్సిందే.

ఆయన దగ్గర నలభై రోజులు ధ్యానంలో గడిపిన ఇన్నయ్య కూడా అలాగే ఉడుక్కున్నాడు. ఇన్నయ్య ఒక పల్లెలో చర్చి ఉపదేశి. రోగుల పక్కన కూర్చోవడం, తగవులు తీర్చడం, చనిపోయినవారి దగ్గర ప్రార్థన చెప్పడం అతని పని. రమ్మని ఊరినుంచి మూడు ఉత్తరాలు వచ్చినా అతనికి మనసొప్పలేదు. "స్వామీ, ఇన్నాళ్లకు దేవుడి సన్నిధి అంటే ఏమిటో తెలిసింది. ఇది వదిలి మళ్లీ ఆ రొంపిలోకి ఎందుకు దిగాలి?" అని అడిగాడు. గురువుగారు గడ్డం నిమురుకున్నారు. మర్నాడు సముద్రతీరాన ఉన్న పాత కతీడ్రల్ అనే పెద్ద చర్చికి ప్రయాణమై, అతన్నీ వెంట రమ్మన్నారు.

మూడు వందల ఏళ్ల నాటి కట్టడం అది. గోపురం పైకి మెలికలు తిరుగుతూ రాతిమెట్లు ఉన్నాయి. ఇద్దరు ఎదురుపడితే ఎవరో ఒకరు వెనక్కి పోవాల్సినంత ఇరుకు. అందుకని అక్కడో పద్ధతి పెట్టారు. కావలివాడి దగ్గర ఒకే ఒక్క చెక్క బిళ్ల ఉంటుంది. అది పుచ్చుకున్నవాళ్లే ఎక్కాలి, దిగి తిరిగిస్తేనే మరొకరు ఎక్కాలి. సాయంత్రం ఐదింటికి పెద్ద గంట కొడితే మెట్లు అదురుతాయి కనుక ఆపైన ఎవరినీ పోనివ్వరు.

గురువుగారు మంచం పట్టిన స్నేహితుణ్ణి చూడడానికి పక్కవీధికి వెళ్లారు. ఇన్నయ్య మూడింటికి బిళ్ల తీసుకుని పైకెక్కాడు. చల్లని గాలి, కంటికి ఆనినంత మేర సముద్రం. ఊరి రొద ఒక్కటీ వినిపించడం లేదు. అక్కడే మోకరించాడు. కళ్లవెంట నీళ్లు కారాయి. అది నటన కాదు, ఆ ప్రార్థన నిజమైనదే.

కావలివాడి కేక విని దిగేసరికి ఐదు కావస్తోంది. మెట్ల మొదట్లో ఒక ముసలామె బంతిపూల దండ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"నువ్వెక్కిన కాసేపటికే వచ్చింది ఈ అగ్నేసమ్మ," అన్నాడు కావలివాడు విసుగ్గా. "మొగుడు చేపల వేటకెళ్లి సముద్రంలో పోయిన రోజు ఇయ్యాల. సమాధి లేదు గదా, ఏటా పైకెక్కి ఆ నీళ్లకే దండం పెట్టుకుని పోద్ది. నిన్ను పిలుస్తానంటే వద్దంది."

ఆమె గోడ పట్టుకుని మెల్లగా లేచింది.

"పర్లేదు బాబూ. దేవుడితో మాట్లాడుకుంటున్నావు, మధ్యలో ఎట్టా పిలుస్తాం? ఈ మోకాళ్లే... వచ్చే ఏడు ఎక్కనిత్తాయో లేదో."

అంతలో పెద్ద గంట మోగింది. కావలివాడు మెట్ల తలుపుకు తాళం వేసి హడావుడిగా లోపలికి పోయాడు. అగ్నేసమ్మ దండను ఆ తాళానికే తగిలించి, కొంగుతో మొహం తుడుచుకుని, బస్సు వేళయిందని వెళ్లిపోయింది.

గురువుగారు వచ్చేసరికి ఇన్నయ్య ఆ దండ ముందే నిలబడి ఉన్నాడు. జరిగిందంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ ఏడ్చాడు. ఇప్పుడు నన్నేం చెయ్యమంటారని అడిగాడు. గురువుగారు దండకేసి చూశారు. తర్వాత అతని బిగిసిన పిడికిలికేసి చూశారు.

"ఇన్నయ్యా, బిళ్ల ఇంకా నీ చేతిలోనే ఉంది," అన్నారు.