ఎద్దు లేని గానుగ

అనగనగా, గానుగ చప్పుడుతోనే ఊళ్లకు తెల్లవారే రోజుల్లో, మణిపట్నంలో పేరిందేవమ్మ అనే నూనె వర్తకురాలు ఉండేది. మొగుడు పోతూ ఆమెకు మిగిల్చింది ఒక గానుగ, రెండు ఎడ్లు. ఆమె కూడూ గుడ్డా వాటిమీదే.

ఒకనాడు యంత్రభట్టు అనే పరదేశి వచ్చి, కోట ముందు ఇంతెత్తు గానుగ నిలబెట్టాడు. చుట్టూ తెర కట్టాడు.

"ప్రభూ! దీనికి ఎద్దు అక్కర్లేదు, మేత అక్కర్లేదు. పైన గింజలు పోస్తే కింద నూనె! ఇలాంటివి నూరు చేస్తాను. పెట్టుబడి ఒక్కటే కావాలి" అన్నాడు.

తెర వెనక ఏదో గిరగిరా తిరిగింది. గొట్టంలోంచి నూనె ధార కట్టింది. రాజుగారు మురిసిపోయి, వర్తకులంతా ఎడ్లను అమ్మి ఆ సొమ్ము భట్టుకు ఇవ్వాలని చాటింపు వేయించారు.

పేరిందేవమ్మకు మాత్రం నమ్మకం కలగలేదు. మర్నాడే భట్టు దగ్గరికి వెళ్లి, "అయ్యా, ఆ తెర కాస్త తీయండి" అంది.

"అమ్మో! మర్మం బయటపడితే పదిమంది కాజేయరూ?"

మూడోనాడు మళ్లీ వెళ్లింది. "పోనీ, మా వాకిట్లో ఒక్క పూట తిప్పి చూపించండి."

"చోటు మారితే యంత్రం అలుగుతుంది తల్లీ!"

యంత్రానికి అలకేమిటో! ఆమె అనుమానం మరీ ముదిరింది.

"అనుమానం పెనుభూతం పేరిందేవమ్మా! నీలాంటివాళ్లుంటే లోకం బాగుపడినట్టే!" అని వర్తకులు పకపకా నవ్వారు. రాజుగారికీ కోపం వచ్చింది. రేపటికి ఎడ్లను అమ్మకపోతే ఊళ్లో నూనె అమ్మకూడదన్నారు.

ఆమె ఎడ్ల మెడలు నిమురుతూ ఏడ్చింది. ఒకవేళ తప్పు తనదేనేమో అని కూడా అనుకుంది. కానీ మనసు ఒప్పలేదు.

తెల్లవారాక మూట పట్టుకుని కోటకు వెళ్లింది. "ప్రభూ, ఎడ్లను అమ్మేస్తాను. ఈ గింజలు మాత్రం నా చేత్తో పోయనివ్వండి."

"దానికేం భాగ్యం!" అన్నారు రాజుగారు. భట్టు కాదనలేకపోయాడు. రాజుగారికి దండాలు పెట్టే హడావుడిలో మూటకేసి చూడనైనా చూడలేదు.

ఆమె గింజలు పోసింది. చక్రం తిరిగింది. నూనె వచ్చింది.

"చూడండి ప్రభూ, నువ్వుల నూనె! ఘుమఘుమలాడుతోంది!" అన్నాడు భట్టు.

రాజుగారు వేలు ముంచి నాలుకకు రాసుకున్నారు. "ఆహా, ఎంత కమ్మగా ఉంది!"

"కమ్మగానే ఉంటుంది ప్రభూ. నేను పోసినవి మాత్రం వేపగింజలు" అంది పేరిందేవమ్మ.

"ఆ తెర లాగండి!" అన్నారు రాజుగారు. భటులు తెర లాగేశారు. లోపల ఒక మనిషి చెమటలు కక్కుతూ ఉత్త చక్రం తిప్పుతున్నాడు. పక్కన సంతలో కొన్న నూనె బానలు!

భట్టును చెరలో వేయించి, "ఇక నా రాజ్యంలో యంత్రమన్న మాట వినబడకూడదు!" అని రాజుగారు గర్జించారు.

"అంత మాట అనకండి ప్రభూ. నిజంగా తిరిగేది ఎవరైనా తెస్తే మొదటి పెట్టుబడి నాదే. కాకపోతే గింజలూ నావే!" అంది పేరిందేవమ్మ.

అందుకే పిల్లలూ, నిజమైన పనితనం పరీక్షకు వెరవదు. పరీక్షకు వెరిచే పనితనానికి పైసా పెట్టకూడదు.