గవర్రాజు చిలుక వార్తలు

ఆ అడవిలో తెల్లారగానే ఎవరూ నేరుగా వాగుకు పోరు. ముందు పుట్ట దగ్గర చేరి, చిరుత ఎక్కడుందో వార్త విని, అప్పుడు నీళ్లకు కదులుతారు. ఆ వార్తల దుకాణం గుంటనక్క గవర్రాజుది. అడవంతా తిరిగి చూసొచ్చి చెప్పేది కాకి సూరమ్మ. విన్నవాళ్లు తలా ఒక పండో ఎండ్రకాయో పెట్టేవారు. అందులో సగం సూరమ్మకు పోతోందని గవర్రాజుకు ఒకటే కడుపుమంట. పైగా ఆవిడ ఒక్కోనాడు చిరుత కనబడలేదు, నాకు తెలీదు అనేసేది. తెలీదన్న మాటకు ఎవడు పండు పెడతాడు?

అందుకని ఒక చిలుకను తెచ్చి పుట్ట వెనక కూర్చోబెట్టాడు. అది గూడు దాటి ఎరగదు. కానీ సూరమ్మ ఏళ్ల తరబడి చెప్పిన వార్తలన్నీ దానికి కంఠతా వచ్చు. వాటినే అటూ ఇటూ అతికి, ఏ రోజుకారోజు కొత్త వార్త గడగడా చెప్పేసేది. తెలీదన్న మాట దాని నోట రాదు. సూరమ్మకు ఆ పూటే ఉద్వాసన.

సంగతి పొక్కింది. కళ్లతో చూడని చిలుక మాట వింటామా, మా ప్రాణాలంటే అంత అలుసా అని కుందేలు, దుప్పి, అడవిపంది గొంతు చించుకున్నాయి. గవర్రాజు లెంపలేసుకుని, రేపట్నించి మళ్లీ సూరమ్మే చెబుతుందన్నాడు. మర్నాడు అదే చిలుక చేత బొంగురుగొంతుతో చెప్పించి, సూరమ్మ వార్తలని వినిపించాడు. అనుభవమంటే ఇదీ అని దుప్పి మురిసిపోయింది. కుందేలు ఒక పండు ఎక్కువే పెట్టింది. గవర్రాజు మాత్రం వాగు వైపు పోకుండా, దూరంగా గుంటలో బురదనీళ్లే తాగేవాడు.

ఒకనాడు చిలుక, చిరుత కొండ దాటి వెళ్లిపోయిందంది. అది ఉత్త అల్లికేనని గవర్రాజుకు తెలుసు. కానీ కుందేలు తనూ అలాగే విన్నానంది. పంది తన బావమరిది అడుగుజాడలు చూశాడంది. దుప్పి అయితే దగ్గరుండి సాగనంపినట్టే మాట్లాడింది. ఇంతమంది అంటున్నారంటే నిజమే అయ్యుంటుందిలే అనుకుని, వాళ్లింకా కబుర్లలో ఉండగానే గవర్రాజు వాగుకెళ్లి మూతి పెట్టాడు. పొదలోంచి చిరుత దూకింది. ప్రాణం దక్కింది గానీ తోక దక్కలేదు.

నెత్తురోడుతూ పుట్ట దగ్గరికొచ్చి, చిరుత వాగు దగ్గరే ఉంది, అటు పోవద్దని మొత్తుకున్నాడు. దుప్పి అతణ్ణి ఎగాదిగా చూసింది.

"నువ్వు చెబితే నమ్మాలా గవర్రాజూ? చిరుత లేదని సూరమ్మ చెప్పిందిగా."

"సూరమ్మ కాదే తల్లీ, అది చిలుక."

"నిన్నటిదాకా సూరమ్మన్నావు, ఇవాళ చిలుకంటావు. నీ మాటకు నిలకడ ఏదీ?"

అందరూ వాగు వైపు నడిచారు. పండ్లు పెట్టే చేతులన్నీ వరసగా చిరుత నోటికి పోతుంటే, గవర్రాజు చూస్తూ కూలబడ్డాడు.

నీతి: ఇంకొకరి పేరు తగిలించి అబద్ధం అమ్మినవాడికి, నిజం చెప్పాల్సిన రోజున వినేవాడు మిగలడు.