కోసమ్మ గుమ్మం

అనగనగా ఒక అడవిలో, కొండ మీద, కోసమ్మ, బొజ్జన్న అని ఒక కొమ్ముముక్కు పిట్టల జంట ఉండేది. కొమ్ముముక్కు పిట్టని మీరెప్పుడైనా చూశారా? ఒంటి కంటే ముందు ముక్కొస్తుంది. అరటికాయంత ముక్కు, దాని మీద ఇంకో బుల్లి కొమ్ము. నవ్వకండర్రా, నేనింకా కథ మొదలే పెట్టలేదు.

ఒక రోజు పెద్ద గాలివాన కొట్టింది. వాళ్ళుండే ముసలి మద్దిచెట్టు కూకటివేళ్ళతో సహా పడిపోయింది. చెట్టుతో పాటు తొర్రా పోయింది. కొమ్ముముక్కు పిట్టలకి గూడు అల్లడం రాదు. అంత ముక్కు పెట్టుకుని చెట్టుకి బెజ్జం వెయ్యడమూ రాదు. తొర్ర దొరికితేనే గుడ్లు, లేకపోతే ఆ ఏటికి పిల్లల్లేరు. గుడ్లు పెట్టే రోజులేమో దగ్గరకొచ్చేశాయి.

ఈ సంగతి కొండ కింద మామిడితోటలో ఉండే టకటకయ్య చెవిన పడింది. టకటకయ్య వడ్రంగిపిట్ట. పనిమంతుడు, కాదనను. మనసూ మంచిదే. కాకపోతే అవతలివాళ్ళు నోరు తెరిచేలోగా ఇతగాడు సగం పని చేసేస్తాడు.

"అయ్యయ్యో! నేనుండగా కొండ మీదవాళ్ళకి ఇల్లు లేకపోవడమా!" అనుకుంటూ ఆఘమేఘాల మీద ఎగిరొచ్చాడు.

"చెల్లెమ్మా, ఏడవకు!" అన్నాడు రాగానే.

కోసమ్మ ఏడవడం లేదు. అత్తిపండు తింటోంది. "అన్నా, వచ్చావా, సంతోషం. మాకు కావలసింది ఏంటంటే..." అంది.

"నాకు తెలుసులే. నువ్వలా కూర్చో."

టకటకటకా పని మొదలెట్టాడు. పొద్దు వాలేసరికి ఒక చెట్టుకి తొర్ర తయారైంది. గుమ్మం ఎంత పెద్దదనుకున్నారు? కోసమ్మలాంటివాళ్ళు ముగ్గురు పక్కపక్కన నడిచి వెళ్ళొచ్చు.

"చూడు, కూర్చున్న చోటు నుంచి కొండంతా కనిపిస్తుంది!" అన్నాడు గర్వంగా.

"మాకు కొండ కనిపిస్తే సరే అన్నా, కొండంతటికీ మేమూ కనిపిస్తాం కదా?" అంది కోసమ్మ.

"అలవాటైపోతుందిలే," అన్నాడు టకటకయ్య.

మర్నాడు పొద్దున్నే వచ్చి వెనకవైపు కిటికీ కూడా పెట్టేశాడు. "గాలాడాలి చెల్లెమ్మా! మా తోటలో అందరికీ ఇలాగే ఉంటుంది."

గాలి ఆడింది. ఆడడమేంటి, ఇటు దూరి అటు పోయింది. మధ్యలో కూర్చున్న కోసమ్మ ఈకలన్నీ తిరగబడ్డాయి. బొజ్జన్న చిన్నగా దగ్గి, "బావా, ఒక్క మాట..." అన్నాడు.

"దండాలేం వద్దు బావా! మనలో మనకేంటి!" అని టకటకయ్య తుర్రుమన్నాడు. దారి పొడుగునా తన మంచితనానికి తనే మురిసిపోయాడు.

ఇప్పుడు కొమ్ముముక్కు పిట్టల పద్ధతి చెప్తా వినండి. తల్లి తొర్రలోకి వెళ్ళి కూర్చుంటుంది. మట్టి, పండు గుజ్జు కలిపి లోపలి నుంచి గుమ్మం మూసేస్తుంది. ముక్కు పట్టేంత సందు ఉంచుకుంటుంది, అంతే. తండ్రి ఆ సందులోంచి పండ్లు అందిస్తాడు. లోపల తల్లి రెక్కల ఈకలు రాలిపోతాయి. కొత్తవి వచ్చేదాకా ఎగరలేదు. అప్పటిదాకా ఆ గోడే ఆమెకి కాపలా. ముత్తవ్వల నాటి నుంచీ వాళ్ళదిదే తీరు. టకటకయ్యకి ఇదేం తెలీదు. ఎలా తెలుస్తుంది? అడిగితే కదా!

ఇంకేం చేస్తారు, ఆ జంట నానా తంటాలు పడి కిటికీ మూసుకున్నారు, గుమ్మం మూసుకున్నారు. కోసమ్మ రెండు గుడ్లు పెట్టింది.

కొన్నాళ్ళకి టకటకయ్య తన పనితనం చూపించడానికి తోటలోని మైనాలని వెంటేసుకొచ్చాడు. చూస్తే గుమ్మం లేదు! మట్టిగోడ! సందులోంచి ముక్కు కొస ఒకటి బయటికొచ్చి బొజ్జన్న ఇచ్చే అత్తిపండు అందుకుంటోంది.

"అమ్మ బాబోయ్! పెళ్ళాన్ని గోడ కట్టి బంధించేశాడర్రా!" అన్నాడు టకటకయ్య. మైనాలు గొల్లుమన్నాయి.

"వద్దన్నా! గోడ ముట్టుకోకు!" అని లోపలి నుంచి కోసమ్మ అరిచింది.

"పాపం, మొగుడికి భయపడి అలా అంటోంది," అని మైనాలకి చెప్పి, బొజ్జన్న అడ్డొచ్చేలోగా టకటకటకా కొట్టేశాడు. గోడ పెళ్ళలుగా విరిగి లోపలికే పడింది.

లోపల కోసమ్మ. రెక్కల్లో ఒక్క ఈక లేదు, కూరకి సిద్ధం చేసిన కోడిలా ఉంది. ఆమె కాళ్ళ దగ్గర ఒక గుడ్డు, ఆ పక్కన పెళ్ళ తగిలి పగిలిన ఇంకో గుడ్డు.

టకటకయ్య ఆ పగిలిన గుడ్డు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

అప్పుడు చెట్టు కింద నుంచి ఒక గొంతు వినబడింది. "ఎంత చక్కటి గుమ్మం పెట్టావయ్యా వడ్రంగీ!" అంటూ ఒక ఉడుము నాలుక చప్పరించుకుంటూ చెట్టెక్కడం మొదలెట్టింది. ఉడుముకి గుడ్లంటే మహా ఇష్టం.

టకటకయ్య, "నేను చెప్తా వినండి! ముందు మనం..." అని మొదలెట్టాడు.

"నువ్వు నోరు ముయ్యి!" అంది కోసమ్మ. "ఏమయ్యో, నువ్వు దాని కళ్ళ మీదకి పో. మైనాలూ, మీ తోట కుక్క ఎలా మొరుగుతుందో అలా మొరగండి. అన్నా, నువ్వు మట్టి తే."

"మట్టా? నేను వడ్రంగిని చెల్లెమ్మా..."

"మట్టి!"

టకటకయ్య మట్టికి పరిగెత్తాడు. పుట్టిన తర్వాత చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం అదే మొదలు. బొజ్జన్న ఉడుము కళ్ళ ముందు ముక్కు ఝళిపించాడు. మైనాలు ఎంత బాగా మొరిగాయంటే, ఉడుము కుక్కలొచ్చాయనుకుని జర్రున జారి పొదల్లో పడి పారిపోయింది.

టకటకయ్య ముక్కు నిండా మట్టితో వచ్చి నిలబడ్డాడు. "చెల్లెమ్మా, నీ బిడ్డని నేనే పొట్టన పెట్టుకున్నాను," అని భోరుమన్నాడు.

"అవునన్నా," అంది కోసమ్మ. కాదని అబద్ధం చెప్పలేదు. ఆమె కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. "ఇంకో బిడ్డ ఉంది. దాన్ని చూద్దాం రా."

"ఎలా కావాలో చెప్పు."

కోసమ్మ చెప్పింది. అతను విన్నాడు. విని, "గుమ్మం అంచుకి గాట్లు పెడితే మట్టి గట్టిగా పట్టుకుంటుంది. పెట్టనా?" అన్నాడు.

'పెట్టనా' అన్నాడర్రా! మైనాలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి.

కోసమ్మ ఆలోచించింది. "మంచి మాటే, మాకు తట్టలేదు. పెట్టు."

"పైన వానకి చిన్న చూరు?"

"వద్దు. దాని మీద పాము పడుకుంటుంది."

టకటకయ్య వాదించడానికి నోరు తెరిచాడు. మళ్ళీ మూసేసుకున్నాడు. గోడ లేచింది. సందు కోసమ్మ ముక్కుకి సరిపోయింది.

వానలు పడ్డాయి. లోపల పిల్ల పుట్టి 'కీ' మంది. ఒక రోజు కోసమ్మ కొత్త ఈకలతో లోపలి నుంచి గోడ కొట్టడం మొదలెట్టింది. టకటకయ్యకి ముక్కు ఒకటే దురద.

"ఒక్క దెబ్బ వెయ్యనా చెల్లెమ్మా?"

"వద్దు."

"చిన్నది?"

"వద్దన్నా!"

కొమ్మని గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. కోసమ్మ తనే పగలగొట్టుకుని, బయటికొచ్చి, రెక్కలు విప్పి కొండంతా ఒక చుట్టు చుట్టింది. టకటకయ్య సంతోషంతో కేక పెట్టి తొర్ర వైపు తిరిగాడు. లోపల ఆ పిల్ల, ఇంకా రెక్కలైనా సరిగ్గా రాని పిల్ల, తొర్రలో రాలిన తడి మట్టి తీసి మళ్ళీ గుమ్మం మూసుకుంటోంది!

వచ్చీరాని మాటలతో, "మామా, నేనింకా ఎగరలేను. గోడ నేనే పెట్టుకుంటా. కొంచెం మట్టి తెస్తావా?" అంది.

టకటకయ్య పగిలిన గుడ్డు తలుచుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. సందు దగ్గర తల వంచి మెల్లగా అడిగాడు.

"ఎంత తెమ్మంటావమ్మా?"

నీతి: సాయం చేసే ముందు అడగాలి, చెప్పింది వినాలి. ఇంట్లో ఉండేది ఎవరో, ఆ గుమ్మం ఎలా ఉండాలో చెప్పాల్సిందీ వాళ్ళే.