గంతలు కట్టుకుని గెలిచిన నక్క

నల్లమల జంతువులకు పేకాట పిచ్చి పట్టిన ఏడు జరిగింది ఇది. లోయ చూడటానికి వచ్చిన మనుషులెవరో ఒక పేక కట్టనీ, పోకర్ అనే ఆటనీ అక్కడే వదిలేసి పోయారు. అంతే, పొద్దు నడినెత్తికి వస్తే చాలు, వాగు పక్కన చదునుబండ మీద అందరూ హాజరు. తలా రెండు ముక్కలు, ఎవరివి వాళ్ళకే కనబడతాయి. అవి చూసుకుని ఒకరు పందెం పెంచితే, దమ్మున్నవాళ్ళు దానిమీద మళ్ళీ పెంచుతారు, లేనివాళ్ళు ముక్కలు పడేసి తప్పుకుంటారు. ఆ తర్వాత అందరికీ ఉమ్మడిగా బండ మీద మూడు ముక్కలు తెరిచి ఇంకో పందెం. అట్లాగే నాలుగో ముక్క, ఐదో ముక్క. చివరికి ఎవరి ముక్కలు బండ మీదివాటితో బాగా కలిస్తే పందెం కుప్పంతా వాళ్ళదే. పందెం వేరుశనగకాయలు. వేసవి గడవాలంటే అవే దిక్కు.

ఆ వేసవిలో సుంకులమ్మ అనే నక్క గెలుస్తూనే ఉంది. ఓడుతున్నది మద్దిలేటి అనే ఎలుగుబంటి. ఒకరోజు ఓడి ఓడి, ముక్కలు బండకేసి కొట్టి లేచాడు.

"ఇది దొంగాట! ఈ నక్క నా ముక్కలు తొంగి చూస్తాంది!"

పెద్దరికం చేసే కణితి దుప్పి ఓబులేసు కొమ్ములు ఊపాడు. "సుంకులమ్మా, నేరం నిలబడిందంటే నువ్వు వాగు దాటి పోవాల్సిందే. మళ్ళా ఈ నీళ్ళ దిక్కు రాగూడదు."

వాగు అవతల వానలు పడేదాకా చుక్క నీరు దొరకదు. నక్క బొరియలో ఇంకా పాలు తాగే పిల్లలున్నాయి.  అయినా ఆ భయాన్ని వెనక్కి నెట్టి ఆమెకు కోపం తన్నుకొచ్చింది. ఎందుకు రాదు? ముళ్ళపంది దాచుకున్న గడ్డలు మాయం చేసింది తానే, నెమలి గుడ్లు మింగింది తానే. ఒక్కడూ పట్టుకోలేదు. బతుకులో బుద్ధిగా, ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసిన పని ఈ ఆట ఒక్కటే. దానికే దొంగ అని పేరా!

"ఏమప్పా, ఇదేం న్యాయం?" అని అరిచింది. "గుడ్లు పోతే పామును అన్నారు. గడ్డలు పోతే అడవిపందిని అన్నారు. అప్పుడు ఒక్కరికీ నేను గుర్తు రాలేదే! ఇప్పుడు బుర్ర పెట్టి గెలిస్తే దొంగనైపోయినానా?"

ఆడ నెమలి మెడ చాచింది. "అయితే ఆ గుడ్లు..."

"ఆ సంగతి మళ్ళా మాట్లాడుకుందాం!" అని నక్క గబగబా ముందుకొచ్చింది. "నా కళ్ళు కట్టండి. ముళ్ళపంది ముక్కలు పంచి, నావి నా చెవిలో చెప్పనీ, బండ మీదివి గట్టిగా చెప్పనీ. అప్పుడు చూద్దాం ఎవురు తొంగి చూస్తాండారో!"

టేకాకులు పెట్టి తీగతో కళ్ళు కట్టారు. మొదటి ఆటలో నక్క పెంచింది, ఎలుగు మళ్ళీ పెంచాడు, నక్క సరే అంది. కుప్ప బాగా పెరిగింది. "బండ మీద రాజు, ఏడు, రెండు," అని ముళ్ళపంది చెప్పింది. నక్క చేతిలో రాణుల జత. ఎలుగు రెండు చేతులా కాయలు తోశాడు. గలగలమని దొర్లాయి. నక్క చెవి ఒకసారి కదిలింది.

"పడేస్తాండా."

ఓబులేసు ఎలుగు ముక్కలు తిప్పించాడు. ఆసు, రాజు. బండ మీది రాజుతో కలిస్తే రాజుల జత, దానికి రాణుల జత ఓడిపోయేదే.

రెండో ఆటలోనూ అట్లాగే పెంపు మీద పెంపు. బండ మీద ఆసు, ఎనిమిది, మూడు. ఈసారి ఎలుగు చిటికెడు కాయలు విదిలించాడు. నక్క దగ్గర పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు.

"ఉన్నవన్నీ తోస్తాండా!"

ఎలుగు పళ్ళు నూరుకుంటూ ముక్కలు పడేశాడు. తిప్పి చూస్తే జాకీ, పది. ఒట్టి చెయ్యి.

"కళ్ళు కట్టినా కనబడతాంది దీనికి! ఏదో మంత్రం!" అని మద్దిలేటి కాలు నేలకేసి కొట్టాడు.

"ఎట్ల తెలిసిందో చెప్పు," అన్నాడు ఓబులేసు. "చెప్పకుంటే నేరం నీదే."

గెలిచినా నేరమే, నోరు మూసుకున్నా నేరమే! నక్కకు ఒళ్ళు మండిపోయింది. చెబితే తిండి పోతుంది, చెప్పకపోతే నీళ్ళు పోతాయి. పిల్లలను తలుచుకుని నోరు తెరిచింది.

"నీ ముక్కలు నువ్వే చెప్తాండావు మామా. చెయ్యి బాగుంటే రెండు చేతులా తోస్తావు. లేకుంటే చిటికెడు. ఆ చప్పుడు చెవిటోళ్ళకు గూడా వినపడతాది."

అందరూ పకపకా నవ్వారు. ఎలుగు క్షమించమన్నాడా? లేదు. "అయితే ఎట్ల తొయ్యాలో కూడా చెప్పు. ఇన్నాళ్ళూ నా కాయలు తిన్నావు," అన్నాడు. పైగా ఓబులేసు కూడా, "చెప్పాల్సిందే," అని వంత పాడాడు.

నక్క ఎలుగు పక్కకు జరిగింది. గొంతులో తేనె పోసుకుని చెప్పింది.

"ఇద్దరం పెంపు మీద పెంపు వేసినాక కుప్ప అప్పటికే పెద్దదై ఉంటాది మామా. రాజో ఆసో పడిందనుకో, చిన్న పందెం వేసినా ఎదుటోడు జంకుతాడు. చెయ్యి బాగున్నా బాగలేకున్నా ఒకే గుప్పెడు తొయ్యి. నీ ముక్కలేందో ఎవురికీ తెలీదు."

అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

మర్నాడు ఆటకు నక్క కళ్ళకు ఆకులు కట్టుకునే వచ్చింది. "మళ్ళా మాట పడే ఓపిక నాకు లేదు," అంది. ఎలుగు ప్రతిసారీ ఒకే గుప్పెడు తోశాడు. రాజులూ ఆసులూ పడుతున్నాయి, నక్క ముక్కలు పడేస్తోంది, ఆమె కాయలు తరుగుతున్నాయి. "మద్దిలేటి ఆరితేరినాడు!" అని అందరూ మెచ్చుకున్నారు. ఎలుగు కూనిరాగం కూడా తీశాడు.

అప్పుడు ఎలుగుకు ఆసుల జత వచ్చింది. పెంపు మీద పెంపు అయింది. బండ మీద తొమ్మిది, ఎనిమిది, మూడు. ఎలుగు అదే గుప్పెడు తోశాడు. నక్క దగ్గర జాకీ, పది. ఏడో రాణో పడితే ఐదు ముక్కలు వరుసలో కుదురుతాయి, జతలన్నీ దాని కింద బలాదూరే. ఆ తర్వాతి ముక్క చూడటానికి గుప్పెడు కాయలేనా! నక్క సంతోషంగా ఇచ్చింది. నాలుగో ముక్క రాణి.

ఎలుగు మళ్ళీ గుప్పెడు తోశాడు. నక్క ఉన్నవన్నీ తోసింది. ఆసుల జత పట్టుకున్నవాడు వదులుతాడా? వేసవికి దాచినవన్నీ కుప్పలో కలిపేశాడు. ఐదో ముక్క నాలుగు. అది ఎవరికీ పనికిరాలేదు. వరుస కుదిరిన నక్కదే కుప్పంతా.

"నువ్వు చెప్పినట్టే తోసినా గదా!" అని ఎలుగు బావురుమన్నాడు.

నక్క ఆకులు విప్పుకుంది. "ఎంత తొయ్యాలో బండ మీది మూడు ముక్కలు చూసుకోవాల మామా. పెద్ద ముక్క ఒకటి, పొంతన లేనివి రెండు పడితే గుప్పెడు చాలు. ఇట్లా పక్కపక్కవి పడితే మటుకు, ఎదుటోడు తర్వాతి ముక్క చౌకగా చూడకుండా గట్టిగా తొయ్యాల."

"ఆ సంగతి నిన్న చెప్పలేదేం?"

"నిన్న నన్ను దొంగ అన్నావు," అంది నక్క కాయలు మూటకట్టుకుంటూ. "దొంగ నీకు సగం ఇచ్చింది. అదే ఎక్కువ!"

ఎలుగు ఓబులేసు వైపు చూశాడు. ఓబులేసు వాగు వైపు చూశాడు. నక్క మూట నోట కరుచుకుని, పిల్లల దగ్గరికి తల ఎత్తుకుని నడిచింది.

నింద వేసి రాబట్టిన పాఠం సగమే చేతికొస్తుంది.