పంటి మీద చుక్క

ఇదేమీ పాతకాలం మాట కాదండోయ్, మొన్నటిదే. ఫోటో స్టూడియో నడిపే తౌడు కొన్న కొత్త మానిటర్‌లో నడిమధ్యన ఒక పిక్సెల్ చచ్చి, ఆవగింజంత నల్లచుక్క నిలిచిపోయింది. ఏ ఫోటో చూపినా జనం "నా మొహాన ఆ మచ్చేంటి?" అని లేచి వెళ్లిపోతున్నారు.

మార్చమంటే, దాన్ని అమ్మిన కంప్యూటర్ల షాపు భుజంగరావు కసిరాడు. "ఐదు చుక్కల్లోపు ఉంటే లోపం కాదు. రూలు చదువుకో, పో!"

తౌడుకి ఒళ్లు మండిపోయింది.

వారం తిరక్కుండా భుజంగరావే వర్తక సంఘం ఎన్నికలకని ఈ స్టూడియోలోనే ఫోటో తీయించుకున్నాడు. తౌడు ఆ చుక్క సరిగ్గా ఆయన ముందుపంటి మీద పడేలా బొమ్మ జరిపి, మానిటర్‌ని బజారు వైపు తిప్పాడు. చూసినవాళ్లంతా ఒకటే నవ్వు.

భుజంగరావు పరుగెత్తుకొచ్చి జేబురుమాలుతో తుడిచాడు. పోలేదు. "నా పన్ను పుచ్చిందంటున్నార్రా! తీసెయ్!"

"ఒక్క చుక్కేగా బాబూ, లోపం కాదు. మీ రూలే!"

సాయంత్రానికల్లా కొత్త మానిటర్ వచ్చింది. మోసుకొచ్చింది భుజంగరావే.